కొసరు నొప్పి

విజయనగరం గంటస్తంభం వెనకున్న కూరగాయల బజారుకి ఆ వేసవిలో కొత్తగా వచ్చినవాళ్లు ఒక వింత చూసి హడలిపోయేవాళ్లు. పొద్దున్న పది కొట్టగానే బజారు బజారంతా కుడి భుజం పట్టుకుని ‘ఇస్స్’ అనేది. వంకాయలు తూస్తున్న పారినాయుడి చెయ్యి తక్కెడ దగ్గరే ఆగిపోయేది. ఎదుటి సెలూన్లో తవిటిరాజు కత్తి పైకెత్తి, సగం గీసిన గడ్డంతో ఉన్న పెద్దమనిషిని అలాగే కూర్చోబెట్టేసేవాడు. ఇడ్లీల నీలవేణి, స్టాండులో ఆటోవాళ్లు, బస్తాలు మోసేవాళ్లు, అందరూ ఒక్కసారే మొహం చిట్లించి, మరుక్షణం ఒకరినొకరు చూసుకుని నవ్వేసేవాళ్లు.

“అసిరిగాడు సెయ్యెత్తాడ్రోయ్!” అని కేకేసేవాడు పారినాయుడు.

“నిన్నటికన్నా పైకే ఎత్తాడు మావా. నాకు మెడ దాకా లాగింది,” అనేవాడు తవిటిరాజు గొప్పగా.

బేరానికొచ్చిన కొత్తమనిషి వీళ్లకేదో గాలి సోకిందనుకుని సంచీ తీసుకుని వెళ్లిపోయిన రోజులు కూడా ఉన్నాయి. గాలీ లేదు, ధూళీ లేదు. దీనికంతటికీ కారణం పారినాయుడి భార్య గౌరీశ్వరి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ చేసింది మంచికే చేసింది.

అసిరినాయుడు గౌరికి మేనల్లుడు, ఆవిడ అన్నగారి కొడుకు. ఇరవై రెండేళ్లవాడు. కోస్తా లీగులో ఆడే ‘కోట కొదమలు’ జట్టుకి మొదటి ఓవర్ వేసేవాడు వాడే. వాడు పరుగెత్తుకొస్తుంటే అవతలి బ్యాట్స్‌మన్ కాళ్లు ముందే పక్కకి జరిగేవని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. కిందటేడు కప్పు రెండడుగుల దూరంలో తప్పిపోయింది. ఈ ఏడు మనదే అని ఊరంతా తీర్మానించేసుకుంది. పారినాయుడు అభిమాన సంఘానికి అధ్యక్షుడు, కప్పు ఊరేగింపు ఏ వీధిలోంచి ఏ వీధికి వెళ్లాలో కూడా రాసిపెట్టుకున్నాడు.

లీగు ఇంకా ఐదు వారాలుందనగా, ఉత్త ప్రాక్టీసు మ్యాచ్‌లో, మూడో బంతికి అసిరి భుజం పట్టుకుని కూలబడ్డాడు. లోపల కండని ఎముకకి కట్టే నరం పావువంతు చిరిగిందన్నాడు ఎముకల డాక్టరు. రోజూ కసరత్తు సరిగ్గా చేస్తే లీగు చివరి మ్యాచ్‌లకి అందుకోవచ్చు, చెయ్యకపోతే భుజం బిగుసుకుపోతుంది, బరువు పెడితే మొత్తం తెగుతుంది, తెగితే ఈ జన్మకి బంతి మాట మరిచిపోవాలి అని కూడా చెప్పాడు.

అభిమానుల సంగతి చెప్పక్కర్లేదు. పారినాయుడు రెండు పూటలు అన్నం మానేశాడు. తవిటిరాజు తన షాపులో తనే గుండు గీసుకున్నాడు. ఒక ఆటో అతను అసిరి మళ్లీ ఆడేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టేసి, తారు రోడ్డు మీద రెండో రోజుకే ఒట్టు తీసి గట్టున పెట్టాడు. కసరత్తు చేయించేచోట అసిరి చెయ్యి నడుము దాటి లేచేది కాదు. అంతకుమించి ఎత్తితే కళ్లంట నీళ్లు కారేవి. వాడికి నొప్పి ఓర్చుకునే గుణం తక్కువేమీ కాదు, ఆ నొప్పే అటువంటిది.

“నీ ఆఫీసులో ఏదో పెట్టె ఉంది కాదేటే, నొప్పులు పంచేది?” అన్నాడు పారినాయుడు ఒక రాత్రి అన్నం కెలుకుతూ.

“అది కేన్సరు రోగులకండీ.”

“రోగమేదైనా నొప్పి నొప్పే కదా. నీ మేడమ్‌ని అడిగి సూడు. నీ అల్లుడు కాడేటి?”

గౌరి పద్దెనిమిదేళ్లుగా కంటోన్మెంటు వైపున్న నాడీ పరిశోధనశాలలో టెక్నీషియను. తీగలు అతకడం, మీటర్లు సరిచూడడం ఆవిడ పని. అక్కడి డాక్టర్ ఇందుమతి పదేళ్లు కష్టపడి ఆ పెట్టె తయారు చేసింది. రోగి ఒంటికి ఒక బిళ్ల అంటిస్తారు. అది నరంలో పరుగెత్తే నొప్పిని కొంత అక్కడే ఆపి, ఆపినదంతా ఇంటివాళ్ల చేతులకున్న పట్టీలకి పంపుతుంది. ఎవరూ తీసుకోకుండా ఊరికే ఆపేస్తే మాత్రం కుదరదు. పూట గడిచేసరికి నరం రెట్టింపు మొర పెడుతుంది. నొప్పిని చంపడం చేతకాలేదు గానీ పంచడం చేతనయింది అనేది డాక్టరమ్మ.

అడగ్గానే ఆవిడ ఒప్పుకోలేదు. అసిరి స్కాను చూసింది, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“గౌరీ, నొప్పి ఇంటి ముందు కుక్కలాంటిది. మరీ అరుస్తుంటే కట్టేసుకోవచ్చు. తరిమేస్తే మాత్రం దొంగొచ్చిన రోజున అరిచేవాళ్లుండరు. సగం తీద్దాం. సగం ఆ అబ్బాయి దగ్గర ఉండి తీరాలి. బరువు ఎక్కువైతే వాడికి తెలియాలి కదా?”

“తెలియాలండి.”

“మరి ఆ సగం మోసేవాళ్లెవరు? చిన్న నొప్పి కాదది.”

గౌరికి నవ్వొచ్చింది. “మోసేవాళ్లకేం కొదవండీ? ఎంతమంది కావాలో మీరు చెప్పండి చాలు.”

నాలుగు వందల పన్నెండు మంది వచ్చారు. ఇంకా వచ్చేవాళ్లే, పట్టీలు చాల్లేదు. నెల్లిమర్ల నుంచి, గజపతినగరం నుంచి, బొబ్బిలి నుంచి కూడా బస్సెక్కి వచ్చి, పరిశోధనశాల అరుగు మీద వరస కట్టి కుడి చేతులు చాపారు. పట్టీకి గడియారం చెవిలాంటి చిన్న మర ఉంటుంది. దాని చుట్టూ సున్నా నుంచి ఐదు దాకా అంకెలు. అందరూ ఒకటి దగ్గర పెట్టుకుంటే సరిగ్గా సగం నొప్పి పంపకమయ్యేట్టు గౌరే కూర్చుని లెక్క కట్టింది. ఆ మర మోసేవాళ్ల చేతిలోనే ఉండాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. ఓర్చుకోలేనివాళ్లు ఎప్పుడంటే అప్పుడు తగ్గించుకోవాలి, ఎవర్నీ బలవంతపెట్టకూడదు అని ఆవిడ నియమం.

“ఒకటి,” అని ఒక్కొక్కళ్లకీ వేలు చూపించి మరీ చెప్పింది గౌరి. “ఒకటి మీదే ఉంచాలి. తగ్గించుకోవాలంటే తగ్గించుకోండి, పరవాలేదు.”

అందరూ బుద్ధిగా తలూపారు. మొదటి రోజు పదింటికి అసిరి చెయ్యెత్తాడు. నాలుగు వందల భుజాల్లో చురుక్కుమంది. బజారంతా భుజాలు తడుముకుంది.

“ఇంతేనా?” అన్నాడు తవిటిరాజు. “సీమ కుట్టినట్టుంది. దీనికేటి ఇంత హడావుడి?”

అదిగో, అసలు కథ అక్కడ మొదలయింది.

పారినాయుడి దుకాణంలో ఒక పద్ధతి ఉంది. కిలో బెండకాయలు తూచాక, తక్కెడ సరిగ్గా నిలబడ్డాక, ఇంకో గుప్పెడు తీసి సంచీలో వేస్తాడు. కొసరు వెయ్యకుండా మనిషిని పంపడు. ఎవరైనా కొసరు అడగడం మరిచిపోతే వెనక్కి పిలిచి మరీ వేస్తాడు. పెళ్లయిన కొత్తలో గౌరి దెబ్బలాడింది. “తూచింది తూచినట్టు ఇస్తే నేరమా?” అంటే, “కొలత తక్కెడదే, కొసరు మనిసిది,” అన్నాడు. పైగా ఇంకో నియమం కూడా ఉంది. సంచీలో పడ్డ కొసరు ఎట్టి పరిస్థితిలోనూ వెనక్కి తియ్యకూడదు. తీస్తే ఆ రోజుకి దుకాణం మూసేసుకోవడమేనట. ఆ బజారులో అందరిదీ ఇదే పద్ధతి. నీలవేణి నాలుగిడ్లీలకి ఒక చిన్నిడ్లీ, తవిటిరాజు గడ్డానికి రెండు నిమిషాలు తల పట్టడం, పూలమ్మే ఆవిడ మూరకి నాలుగు వేళ్లు. ముప్పై ఏళ్లుగా అలాంటి ఇంట్లో ఉండి కూడా, పట్టీల మీద ఐదు దాకా అంకెలు వేసి జనం చేతికిచ్చేటప్పుడు గౌరికి ఆ సంగతి తట్టలేదు!

తొమ్మిదో రోజున గౌరి కసరత్తుశాలకి వెళ్లింది. అసిరి చెయ్యి భుజం దాకా లేస్తోంది. అక్కడ ఆగి, పళ్లు బిగించి, ఇంకో అంగుళం కోసం పెనుగులాడుతున్నాడు. చెమట నేల మీద చుక్కలుగా పడుతోంది. అత్తని చూసి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

“బాగా నొప్పిగా ఉందేట్రా?”

“మరేటి పరవాలేదత్తా. మీరందరూ మోస్తన్నారు కదా,” అన్నాడు.

చిన్నప్పుడు జ్వరమొస్తే వాణ్ని భుజాన వేసుకుని ఊరంతా తిరిగిన మనిషి ఆవిడ. అవతలికి వచ్చి గోడవైపు తిరిగి, తన పట్టీ మర ఒకటి మీంచి రెండుకి తిప్పింది. నాలుగు వందల మందిలో ఒక్కదాని అంకె ఎంత? తట్టెడు మట్టిలో చిటికెడు. మళ్లీ అసిరి చెయ్యెత్తినప్పుడు భుజంలో రెండు చీమలు కుట్టాయి. ఆవిడకి హాయిగా అనిపించింది.

ప్రతి సోమవారం పెద్ద మీటరు చూసి రాయమని చెప్పి డాక్టరమ్మ ఢిల్లీ సభలకి వెళ్లింది. మొదటి సోమవారం అసిరి దగ్గర మిగిలిన నొప్పి సగం దగ్గర ముల్లు నిలబడింది. రెండో సోమవారం సగానికి బాగా కిందకి దిగింది. గౌరి కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. నొప్పి తగ్గుతోందంటే గాయం మానుతోందనేగా! ఆవిడ ఆ అంకె రాసుకుని, దారిలో స్వామి కొట్లో పావుకిలో జిలేబీ కొనుక్కుని ఇంటికెళ్లింది.

తరవాతి రోజుల్లో అసిరి చెయ్యి చెవి దాకా లేచింది. కుడిచేత్తో అన్నం తిన్నాడు. దుకాణానికి వచ్చి పొట్లకాయ పైకి విసిరి పట్టుకున్నాడు. బజారంతా చప్పట్లు కొట్టింది. పారినాయుడు ఊరేగింపు కాగితం మళ్లీ బయటికి తీశాడు.

మూడో ఆదివారం సాయంత్రం నాలుగైంది. గౌరి దుకాణంలో పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్లు ఏరుతోంది. బల్ల మీద నరసింగరావు మాస్టారు పేపరు చదువుకుంటున్నాడు. ఆయన బడి నుంచి రిటైరయ్యాడు గానీ, జిల్లా మ్యాచ్‌లకి ముప్పై ఏళ్లు స్కోరు రాసిన అలవాటు నుంచి ఇంకా రిటైరు కాలేదు. చెవి మీద పెన్సిలు ఎప్పుడూ ఉంటుంది.

గౌరి భుజంలో చురుక్కుమంది.

“ఆదోరం కసరత్తు లేదు కాదేటి?” అన్నాడు పారినాయుడు భుజం తడుముకుంటూ.

కాసేపటికి మళ్లీ చురుక్కుమంది. ఇది ఎప్పుడూ ఉండే లాగుడు కాదు, సూది గుచ్చి తీసినట్టుంది. మళ్లీ ఇంకోటి. ఎదురుగా తవిటిరాజు కత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. మాస్టారు చెవి మీది పెన్సిలు తీసి పేపరు అంచున చుక్క పెట్టాడు. ఇంకో చురుకు, ఇంకో చుక్క. ఆరు చుక్కలయ్యాక కాస్త విరామం వచ్చింది. మళ్లీ మొదలయింది. మళ్లీ ఆరుకే ఆగింది.

మాస్టారు చుక్కలు లెక్కపెట్టాడు. “పారినాయుడూ, ఇది ఓవరయ్యా! వాడు బౌలింగ్ చేస్తున్నాడు!”

బజారు గుప్పుమంది. నీలవేణి గరిటె పట్టుకునే గంతేసింది. ఆటోవాళ్లు హారన్లు మోగించారు. “ఇది బౌన్సరు, సూడు ఎలగ గుచ్చిందో!” అని తవిటిరాజు ఒంటికాలి మీద ఎగిరాడు. కంటికి కనపడని మ్యాచ్‌ని భుజాలతో చూస్తూ బజారంతా ఈలలు వేసింది.

గౌరి మాత్రం చిక్కుళ్లు ఒళ్లోనే వదిలేసి కూర్చుండిపోయింది. సగం నొప్పి వాడి దగ్గర ఉంటే ఇది కుదరదే! చెయ్యెత్తితేనే చెమటలు పట్టే గాయంతో రెండు ఓవర్లు ఎలా వేస్తాడు? లీగు చివరికి గానీ నరం అతుక్కోదన్న డాక్టరు అబద్ధం చెప్పాడా? చేతిసంచీలోంచి అరచేతిలో పట్టే మీటరు తీసి చూసింది. ముల్లు సున్నాకి అతుక్కుపోయి ఉంది. అసిరి దగ్గర నొప్పన్నది చిటికెడు కూడా మిగల్లేదు.

“మీదెంత?” అంది మొగుడితో.

“ఏటెంత?”

“పట్టీ. ఎంత మీదుంది?”

పారినాయుడు చెయ్యి ఆనపకాయల వెనక్కి పెట్టుకున్నాడు. గౌరి లేచి ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. మర మూడు మీద ఉంది.

“మూడా! ఒకటే అని చెప్పానా లేదా?”

“ఒకటి కొలత. ఒకటి కొసరు,” అన్నాడు తల దించుకుని. “ఇంకోటి నీ తరపునే. నువ్వు లెక్కల మనిసివి, నీది ఒకటి దాటదు కదా, ఇంటి గుంటడికి మన ఇంట్లోంచి తక్కువ పడకూడదని...”

గౌరి ఆ చెయ్యి వదిలేసింది. రోడ్డు మీదకి వచ్చి ఒక్కొక్క చెయ్యీ చూసింది. తవిటిరాజుది రెండు. నీలవేణిది రెండు. ఆటోవాళ్లందరివీ రెండే. మాస్టారు కూడా పెన్సిలు జేబులో పెట్టుకుని, పిల్లాడిలా చెయ్యి చాపాడు. ఆయనదీ రెండే.

“అందరూ వినండి!” అని అరిచింది. బజారులో ఆవిడ గొంతు అంత పెద్దగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. “మనం వాడి నొప్పి మోస్తున్నాం గానీ గాయం మోయట్లేదు. గాయం వాడి భుజంలోనే ఉంది. వాడికి తెలీట్లేదు, బాగైపోయిందనుకుంటున్నాడు. ఇప్పుడు వేసే ఒక్కొక్క బంతికీ ఆ నరం చిరుగుతోంది. అది తెగిపోతే ఇక వాడి చెయ్యి లేనట్టే!”

ఈలలు ఆగిపోయాయి. భుజంలో మళ్లీ చురుక్కుమంది. మూడో ఓవర్ మొదలయింది. ఇప్పుడా చురుకు ఎవరికీ సంబరంగా లేదు.

పారినాయుడు ఫోను చేశాడు. అసిరి ఫోను కట్టేసి ఉంది. ఒక ఆటో కోట వెనక మైదానానికి బయల్దేరింది, ఆ సందుల్లో చేరేసరికి పావుగంట.

“పెట్టె ఆపీరాదేటి?” అన్నాడు తవిటిరాజు.

“ఒక్కసారిగా ఆపకూడదు. వెనకోసారి ఒకావిడకి అలా ఆపితే స్పృహ తప్పి పడిపోయింది. వీడు పరుగు మీద ఉన్నాడు, మెడ విరుగుతుంది. అందుకే మీరే తిప్పాలి. ఒకళ్ల తరవాత ఒకళ్లు రెండు మీంచి ఒకటికి. నొప్పి మెల్లమెల్లగా వాడికి చేరాలి. తిప్పండి!”

ఎవరూ కదల్లేదు. తిప్పడానికి ఒక్క చెయ్యీ లేవలేదు.

“ఇచ్చింది ఎనక్కి తీసుకోడమేటమ్మా?” అంది నీలవేణి. కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఆ గుంటడికి ముడుపు కట్టినట్టు కట్టుకున్నాను. మళ్లీ ఆడి నెత్తినే నొప్పి పెట్టమంటావా? నా సేతులతో నానెట్టలేను.”

“సంచీలో పడిన కొసరు...” అని ఎవరో గొణిగారు.

గౌరి కుడిచేతి చీరకొంగు తప్పించి పట్టీ పైకెత్తి చూపించింది.

“నాదీ రెండే,” అంది. “లెక్క కట్టినదాన్ని నేను. ఒకటే అని ఊరంతటికీ చెప్పినదాన్ని నేను. వాడు ఏడుస్తుంటే చూడలేక, నా ఒక్కదానిదే కదా అనుకున్నాను. మీరూ అలాగే అనుకున్నారు. నాలుగు వందల మందిమీ ‘నా ఒక్కదానిదే కదా’ అనుకున్నాం. మన ప్రేమే వాడి చెయ్యి విరుస్తోందయ్యా!”

అని అందరూ చూస్తుండగా మర ఒకటికి తిప్పింది. పారినాయుడు పెళ్లాం వైపు కొత్తగా చూశాడు. తరవాత తన చెయ్యి చూసుకున్నాడు. మూడు మీంచి రెండుకి, కాసేపు ఆగి రెండు మీంచి ఒకటికి తిప్పాడు.

“కొసరు ఎనక్కి తియ్యడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు,” అన్నాడు. కండువాతో మొహం తుడుచుకుని, “ఏటి సూస్తన్నారు? తిప్పండ్రా!” అని గర్జించాడు.

తవిటిరాజు తిప్పాడు. నీలవేణి కళ్లు మూసుకుని తిప్పింది. మాస్టారు బొబ్బిలికి ఫోను కొట్టాడు, బొబ్బిలివాళ్లు గజపతినగరానికి కొట్టారు, నెల్లిమర్లలో ఒకాయన బస్సులో ఉండి నిద్రపోతుంటే పక్కవాడు లేపి తిప్పించాడట. మూడో ఓవర్ అయిపోయింది. నాలుగో ఓవర్ మొదటి బంతి పడేసరికి చురుకు కాస్త మెత్తబడింది. రెండో బంతి ఆలస్యంగా వచ్చింది. మూడోది ఇంకా ఆలస్యంగా. మాస్టారు పేపరు మీద వంగి చుక్కలు పెడుతూనే ఉన్నాడు. నాలుగో చుక్క పెట్టాడు.

అందరి ఎడమ చేతులూ కుడి భుజాల మీదే ఉన్నాయి. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. పెన్సిలు గాల్లోనే ఉంది.

“ఐదో బంతి రాలేదు,” అన్నాడు మాస్టారు.

అసిరి వేసే బంతి కోసం గంటల తరబడి టీవీల ముందు కాపలా కాసిన జనం, వాడు వెయ్యని బంతికి ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు.

ఆటోలో వచ్చిన అసిరి మొహం పాలిపోయి ఉంది. భుజం పట్టుకుని దిగాడు. కోపం పట్టలేకపోతున్నాడు.

“ఎవరు తీసీమన్నారత్తా? నాకు బాగైపోయింది! నాలుగు రోజులై నాకేటీ తెలీడం లేదు. ఇయ్యాల ఎంత స్పీడుగా ఏశానో నీకు తెల్సా?”

“తెలుసురా. మా అందరికీ తెలుసు. నీకే తెలీలేదు.”

వాడు గౌరి చేతిలోని మీటరు చూశాడు, చుట్టూ ఉన్న చేతుల్ని చూశాడు. పీట మీద కూలబడి, అత్త ఒళ్లో తల పెట్టుకుని చిన్నప్పటిలా భోరుమన్నాడు. “అయితే ఈ ఏడు లేనట్టేనా అత్తా?” అన్నాడు. ఆవిడ వాడి తల నిమిరింది. కాదని చెప్పడానికి ఏముంది?

కొత్త స్కానులో చిరుగు పావు నుంచి సగం దాటింది. ఇంకో రెండు ఓవర్లు వేసుంటే పూర్తిగా తెగేది, తల దువ్వుకోడానికి కూడా ఆ చెయ్యి పనికొచ్చేది కాదన్నాడు ఎముకల డాక్టరు. ఈ లీగు పోయింది. పై ఏటికి బుద్ధిగా ఉంటే ఆడొచ్చు.

డాక్టర్ ఇందుమతి ఢిల్లీ నుంచి రాగానే గౌరి తన రెండో అంకెతో సహా అంతా చెప్పేసి, ఉద్యోగం మానేస్తానంది. డాక్టరమ్మ ఒక పట్టీ తీసుకుని మరని ఐదు దాకా తిప్పి చూసింది.

“తగ్గించేసుకుంటారేమోనని భయపడి ఆ మర వాళ్ల చేతికిచ్చాను గౌరీ,” అంది. “పెంచుకుంటారని నాకు తట్టలేదు. పదేళ్ల లెక్కల్లో ఎక్కడా కొసరు లేదు. ఉద్యోగం మానడం కాదు, కొత్త పట్టీలు చెయ్యి. ఒకటి దాటి తిరక్కూడదు.”

గౌరి అలాగే చేసింది. సంఘంలో పెద్ద గొడవే అయింది, ఒకటిన్నరైనా ఉంచమని తవిటిరాజు బతిమాలాడు. ఆవిడ వినలేదు.

లీగు మొదలైన రోజున సెలూన్లో టీవీ ముందు బజారంతా చేరింది. కోట కొదమల మొదటి ఓవర్ ఎవరో సన్నటి ఎడంచేతి కుర్రాడు వేస్తున్నాడు. అసిరి మావయ్య దుకాణంలో, తక్కెడ దగ్గర నిలబడి ఎడంచేత్తో బెండకాయలు తూస్తున్నాడు. టీవీ వైపు చూడనట్టు నటిస్తున్నాడు. అక్కడ కుర్రాడు పరుగు మొదలెట్టాడు. బంతి వదిలే క్షణంలో అసిరి కుడి భుజం దానంతటదే బిగుసుకుంది. సెలూన్లో అందరికీ ఒక చీమ కుట్టింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. పారినాయుడు మాత్రం గొంతు సవరించుకున్నాడు.

బెండకాయలు కొన్నావిడ సంచీ మూతి ఇంకా తెరిచే పట్టుకుంది. “కొసరేదీ బాబూ?”

అసిరి మావయ్య వైపు చూశాడు. పారినాయుడు గౌరి వైపు చూశాడు. గౌరి నవ్వాపుకోలేకపోయింది.

“బెండకాయలకి పరవాలేదులెండి,” అంది.

అసిరి కూడా నవ్వాడు. చాలా రోజులకి మొహం నిండా నవ్వు వచ్చింది. ఆ సంతోషంలో వంగి, గంపలోంచి ఒక పెద్ద గుప్పెడు తీసి, దర్జాగా చెయ్యెత్తి ఆవిడ సంచీలో వెయ్యబోయాడు. సెలూన్లో టీవీ వదిలేసి, ఇడ్లీ పాత్ర వదిలేసి, ఆటోల్లోంచి తలలు బయటపెట్టి, బజారు బజారంతా ఒక్క గొంతుతో అరిచింది:

“ఒరే! ఎడం సెయ్యిరా!”

అసిరి నాలిక కరుచుకుని కొసరు ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు.